నకలు ఆగిన చోట: హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్‌కు ఇటలీ అనుకరణల్లో ఏది ముందు చూడాలి?

గ్రహం ఇంకాసేపట్లో పేలిపోతుంది. నాయిక, రాకుమారుడు, చక్రవర్తి ముగ్గురూ అక్కడే చిక్కుకున్నారు. పారిపోయే వ్యవధి లేదు. అప్పుడు చక్రవర్తి తలెత్తి, పైన ఎక్కడో ఉన్న తన యుద్ధనౌకను కాలప్రవాహాన్ని నిలిపివేయమని ఆజ్ఞాపిస్తాడు. ఆకుపచ్చ కిరణం గ్రహాన్ని కమ్ముకుంటుంది. మూడు నిమిషాలు పేలుడు ఆగుతుంది. ఆ మూడు నిమిషాల్లోనే వాళ్లు బయటపడాలి. ఆ చక్రవర్తి పాత్ర వేసింది క్రిస్టఫర్ ప్లమ్మర్, 1965 నాటి ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో కెప్టెన్‌గా మనకు తెలిసిన నటుడు. ఆ ఆజ్ఞను ఆయన ఎంత నిబ్బరంగా పలుకుతాడంటే, కాలాన్ని ఆపడం చక్రవర్తుల దినచర్యేమో అనిపిస్తుంది.

ఇది 1978 నాటి ‘స్టార్‌క్రాష్’. దర్శకుడు లుయీజీ కొట్సీ. తెరమీద మాత్రం లూయిస్ కోట్స్ అని ఇంగ్లీషు పేరు కనిపిస్తుంది. ‘స్టార్ వార్స్’ ప్రపంచాన్ని ఊపేసిన మరుసటి ఏడాది ఇటలీ నుంచి వచ్చిన అనుకరణల్లో దీని పేరే ముందు వినిపిస్తుంది. కాని పైన చెప్పిన సన్నివేశం ‘స్టార్ వార్స్’లో లేదు. ఏ హాలీవుడ్ సినిమా నుంచీ తెచ్చుకున్నది కాదు. కథ చిక్కుముడి పడ్డ చోట పెద్ద పోరాటం తీయడానికి డబ్బు లేకపోతే ఒక మాట, ఒక రంగు దీపం, ఒక మంచి నటుడు చాలని నమ్మినవాళ్లు తీసిన సన్నివేశం అది.

ఈ సినిమాల్లో ఏది చూడాలని ఎవరైనా అడిగితే నేను వాడే కొలబద్ద ఇదే. అసలుకు ఎంత దగ్గరగా ఉందని చూడను. ఎంత చవకగా తీశారని లెక్కపెట్టను. నకలు ఎక్కడ ఆగిపోయింది, ఆగిన చోట వాళ్లు సొంతంగా ఏం చేశారు? ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే కింద పోలికలు పెట్టాను. ఎగతాళి చేయడానికి చెత్త సినిమా వెతుక్కునేవారికి ఈ వ్యాసం పనికిరాదు. అలా చూస్తే ఈ బొమ్మల్లో ఉన్న పనితనం కంటికి ఆనదు.

ఎంపికకు ముందు ఒక నేపథ్యం తెలిసి ఉండాలి. రోమ్ నిర్మాతలు ఈ పద్ధతిని ఫిలోనె అంటారు. గనిలో లోహం దొరికే పొర అని దాని అర్థాల్లో ఒకటి. ఒక సినిమా ఆడితే అది పొర దొరికినట్టు. ఖనిజం అయిపోయేదాకా అందరూ అక్కడే తవ్వుతారు. 1958లో హెర్క్యులస్ కథ ఒకటి విజయవంతం కాగానే కండలవీరుల పురాణ చిత్రాలు వరుసకట్టాయి. 1964 తర్వాత కౌబాయ్ చిత్రాలు వందల సంఖ్యలో వచ్చాయి. తర్వాత హత్యా రహస్యాలు, పోలీసు కథలు. 1977 తర్వాత అంతరిక్షం. 1981 తర్వాత అణుయుద్ధం ముగిసిన శిథిల నగరాలు. పొర మారినా తవ్వేవాళ్లు మారలేదు. ఎంజో కాస్టెలారి, సెర్జో మార్టినో, ఆంటోనియో మార్గెరీటి లాంటి దర్శకులు ఒక పొర నుంచి ఇంకో పొరకు తమ కెమెరామెన్‌నూ, ఫైట్ మాస్టర్లనూ వెంటబెట్టుకుని నడిచారు. అందుకే వీళ్ల సైన్స్ ఫిక్షన్‌లో గుర్రం దిగి మోటార్ సైకిలెక్కిన కౌబాయ్ కనబడుతుంటాడు.

ఈ గని తవ్వకం మనకు కొత్త కాదు. ఇటలీ కౌబాయ్ చిత్రాల ప్రభావంతో 1971లో కృష్ణ కథానాయకుడుగా ‘మోసగాళ్ళకు మోసగాడు’ తెలుగులో వచ్చింది, ఘనంగా ఆడింది. విఠలాచార్య జానపదాలు చూస్తూ పెరిగిన కంటికి, ఉన్న సెట్టింగునే మళ్లీ మళ్లీ వాడి మాస్క్ షాట్‌తో మాయాలోకం సృష్టించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అదే కన్ను ఇక్కడా పనికొస్తుంది.

మొదట అంతరిక్ష యుద్ధాల సంగతి. ఇక్కడ అసలు పోటీ రెండింటి మధ్యే: ‘స్టార్‌క్రాష్’, ‘ది హ్యూమనాయిడ్’.

‘స్టార్‌క్రాష్’ తొలి షాట్ చూడగానే మూలం తెలిసిపోతుంది. భారీ నౌక ఒకటి మన తలమీదుగా సాగుతూ పోతుంది. అక్కడిదాకా అనుకరణే. కాని నౌక వెనక ఉన్న ఆకాశాన్ని చూడండి. నక్షత్రాలు ఎర్రగా, నీలంగా, పసుపుగా, పండగ పందిరికి కట్టిన దీపాల్లా మెరుస్తున్నాయి. హాలీవుడ్ అంతరిక్షం నల్లగా, చల్లగా ఉంటుంది. కొట్సీ అంతరిక్షం తిరునాళ్ల రాత్రి. దుష్టుడైన కౌంట్ జార్త్ ఆర్న్ నౌక పెద్ద హస్తం ఆకారంలో ఉంటుంది. యుద్ధానికి సిద్ధమైనప్పుడు ఆ వేళ్లు ముడుచుకుని పిడికిలి బిగుస్తుంది! చివరి పోరాటంలో టార్పెడోలు కోట కిటికీలు పగలగొట్టుకుని లోపలికి దూసుకొస్తాయి. అవి పేలవు. వాటి తలుపులు తెరుచుకుని లోపలి నుంచి సైనికులు దూకుతారు. శూన్యంలో కిటికీ పగిలితే గాలి సంగతేమిటని భౌతికశాస్త్రం అడగవచ్చు. కొట్సీ మనసులో ఉన్నది సింద్‌బాద్ సాహసాల ప్రపంచం.

ఈ మాట ఊరికే అనలేదు. నాయిక స్టెల్లా స్టార్‌గా వేసిన కేరొలైన్ మన్రో అంతకు కొన్నేళ్ల ముందు రే హ్యారీహౌసెన్ ట్రిక్కులు చేసిన సింద్‌బాద్ చిత్రంలో నటించింది. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేమ్, మళ్లీ కదిపి మరో ఫ్రేమ్ తీసే పద్ధతికి హ్యారీహౌసెన్ మహా శిల్పి. కొట్సీకి ఆయనంటే ఆరాధన. అందుకే ‘స్టార్‌క్రాష్’లో కత్తులు పట్టిన లోహపు మనుషులు అదే పద్ధతిలో కదులుతూ నాయకుడి బృందంతో తలపడతాయి. కదలికల్లో కుదుపులు కనిపిస్తాయి, దాచలేదు. చేత్తో చేసిన కుండమీద వేలిముద్ర మిగిలినట్టు ఆ కుదుపుల్లో మనిషి చెయ్యి తెలుస్తుంది. దీనికి తోడు జాన్ బ్యారీ సంగీతం. జేమ్స్ బాండ్ చిత్రాలకు రాజసం తెచ్చిన ఆ సంగీత దర్శకుడు ఇక్కడా అంతే గంభీరంగా వాయిద్యాలు మోగించాడు.

‘ది హ్యూమనాయిడ్’ 1979 నాటిది. దర్శకుడు ఆల్డో లాడో. ఆయన పెట్టుకున్న మారుపేరు జార్జ్ బి. లూయిస్. ‘స్టార్ వార్స్’ తీసిన జార్జ్ లూకాస్‌ను తలపించాలనుకున్నారని వేరే చెప్పాలా? మినియేచర్లు, అంటే చిన్న నమూనా బొమ్మలు, ట్రిక్కులు మార్గెరీటి చూసుకున్నాడు. 1960లోనే అంతరిక్ష చిత్రం తీసిన చెయ్యి కాబట్టి నౌకలు, నగరాలు ‘స్టార్‌క్రాష్’ కంటే పొందికగా ఉంటాయి. సంగీతం ఎన్నియో మోరికోనె. తారాగణమూ పెద్దదే: రిచర్డ్ కీల్, బార్బరా బాక్, కొరిన్ క్లేరీ. ఒక చిత్రమైన విషయం ఉంది. కీల్, బాక్, ‘స్టార్‌క్రాష్’ నాయిక మన్రో ముగ్గురూ 1977 నాటి బాండ్ చిత్రం ‘ద స్పై హూ లవ్డ్ మీ’లో ఉన్నారు. హాలీవుడ్ పోకడ కోసం ఇటలీ నిర్మాతలు ఇద్దరూ ఒకే ఇంటి తలుపు తట్టారన్నమాట.

అయితే ‘ది హ్యూమనాయిడ్’లో నకలు చాలాదూరం నడుస్తుంది. నల్ల శిరస్త్రాణం పెట్టిన దుష్టుడున్నాడు, ఎడారి ఉంది, నేలమీద తిరిగే చిన్న రోబో కుక్క ఉంది. ఆ నకలు ఆగే చోటు రిచర్డ్ కీల్. ఏడడుగులు దాటిన ఈ మనిషి మొదట గడ్డంతో, రోబో కుక్కను మురిపెంగా చూసుకునే సాధువైన పైలట్‌గా కనిపిస్తాడు. శాస్త్రజ్ఞుడి ప్రయోగంతో రాక్షసుడవుతాడు. మార్పు జరిగిందని మనకెలా తెలుస్తుందంటే, గడ్డం మాయమవుతుంది. అంతే! తర్వాత టామ్ టామ్ అనే పిల్లవాడి మంచితనానికి ఆ రాక్షసుడు కరగడం మొదలవుతుంది. పెద్ద మనిషి, చిన్న పిల్లవాడు పక్కపక్కన నడిచే దృశ్యాల్లో హాలీవుడ్ ఛాయ కాసేపు తప్పుకుంటుంది.

రెంటిలో ఏదంటే నా ఓటు తడుముకోకుండా ‘స్టార్‌క్రాష్’కే. ‘ది హ్యూమనాయిడ్’ నైపుణ్యంలో మెరుగు, ఊహలో తక్కువ. మోరికోనె సంగీతం కోసం వెతికేవారు, మినియేచర్ల పని గమనించేవారు దాన్ని రెండోదిగా పెట్టుకోండి. పిల్లలతో కూర్చుని చూడాలనుకుంటే ఇంకో హెచ్చరిక: ‘ది హ్యూమనాయిడ్’లో ఒక అమ్మాయిని సూదుల యంత్రంలో బంధించే దృశ్యం ఉంది, అది వాళ్లకు తగదు.

ఇదే కాలంలో అల్ఫోన్సో బ్రెష్యా, ఆల్ బ్రాడ్లీ అనే మారుపేరుతో, 1977 నుంచి రెండు మూడేళ్లలో నాలుగు అంతరిక్ష చిత్రాలు తీశాడు. అవే దుస్తులు, అవే సెట్టింగులు ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి నడిచొస్తుంటాయి. నాలుగింట్లో ఏది చూసినా ఒకటే అనిపిస్తుంది. మొదటి వారం వాటి జోలికి వెళ్లకండి.

పిల్లలున్న ఇంటికి నా సలహా ‘యోర్’. మార్గెరీటి దర్శకత్వంలో 1983లో వచ్చింది. ఇటలీ టెలివిజన్ కోసం తీసిన నాలుగు భాగాల ధారావాహికను కుదించి థియేటర్లకు పంపారు. సగం దాకా రాతియుగపు వీరుడి కథ. టర్కీలోని కప్పడోకియా రాతి శంఖుల మధ్య గొడ్డలి పట్టి తిరుగుతాడు. తర్వాత ఉన్నట్టుండి ఆకాశంలో నౌకలు, కిరణాల తుపాకులు, రోబోల దళం. మొదటి సగం ‘కోనన్’ నుంచి, రెండో సగం ‘స్టార్ వార్స్’ నుంచి. ఆ రెండింటిలోనూ లేనిది ఒక గబ్బిలం. యోర్ ఒక రాక్షస గబ్బిలాన్ని బాణంతో కొట్టి, చచ్చిన దాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, గాలిపటంలా దానికి వేలాడుతూ గుహలోకి ఎగిరి వెళ్లి శత్రువులను తంతాడు. ఇంట్లో పిల్లలుంటే మీరు ఆ దృశ్యాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వేయక తప్పదు.

ఇక ‘ఏలియన్’ వరస. ఈ విభాగం అందరికీ కాదు. నెత్తురు చూడలేనివారు నేరుగా శిథిల నగరాల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

1979లో ‘ఏలియన్’ వచ్చిన మరుసటి ఏడాదే ఇటలీ నుంచి రెండు జవాబులు వచ్చాయి. ఒకటి మళ్లీ కొట్సీదే, ‘కంటామినేషన్’. రెండోది ‘ఏలియన్ 2: ఆన్ ఎర్త్’. సామ్ క్రామ్‌వెల్ అనే మారుపేరుతో చీరో ఇప్పోలిటో దర్శకత్వం వహించాడు. అసలు సినిమా తీసినవాళ్లు రెండో భాగం గురించి ఇంకా నోరు విప్పకముందే పేరు పక్కన రెండంకె వేసేశారు.

రెండింటి ఆలోచనా ఒకటే: అంతరిక్ష నౌక సెట్టింగుకు డబ్బులేదు, కాబట్టి గ్రహాంతర జీవిని భూమికే తెద్దాం. ఎలా తెచ్చారన్న దగ్గరే దారులు వేరవుతాయి. ‘కంటామినేషన్’లో న్యూయార్క్ రేవులోకి మనుషులు లేని ఓడ కొట్టుకొస్తుంది. తెల్ల సూట్లు తొడుక్కున్న పరిశోధకులు ఓడ అడుగున కాఫీ పెట్టెలు తెరిస్తే వాటిలో ఆకుపచ్చ గుడ్లు. వేడి గొట్టం కిందికి దొర్లిపోయిన గుడ్డొకటి ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతూ, లోపలి నుంచి వెలుగుతూ ఉంటుంది. పగిలిందంటే ఆ ద్రవం తగిలినవాళ్ల పొట్టలు పగులుతాయి, అదీ నెమ్మది చలనంలో. ‘ఏలియన్’లో ఒక్కడికి జరిగినదాన్ని కొట్సీ పదిమందికి జరిపించాడు. అది నకలులో భాగమే, దాన్ని గొప్ప అననక్కరలేదు.

నకలు ఆగిన చోటు ఒక స్నానాల గది. కర్నల్ స్టెల్లా హోమ్స్ (కొట్సీకి ఆ పేరంటే ఇష్టం కాబోలు, మళ్లీ స్టెల్లానే) హోటల్ గదిలో స్నానానికి వెళ్తుంది. గుడ్డు లోపల ఉంది. బయటి నుంచి తలుపు గడియపడి ఉంది. ఇంకేమీ లేదు. గుడ్డు కదలదు, దూకదు, కాళ్లూ చేతులూ లేవు. అది నెమ్మదిగా ఉబ్బుతుంటుంది, ఆమె తలుపు కొడుతుంటుంది. గాబ్లిన్ బృందం సంగీతం ఆ ఉబ్బుకు నాడిలా తోడవుతుంది. కదలలేని వస్తువు నుంచి అంత భయం పిండిన దర్శకుణ్ణి తక్కువ చేసి మాట్లాడలేను. కథ తర్వాత కొలంబియా కాఫీ తోటలకు వెళ్తుంది. చివర్లో ఒంటికన్ను రాక్షసి వస్తుంది. దాన్ని కెమెరా ఎక్కువసేపు చూడనివ్వదు. ఎందుకో మీరే గ్రహిస్తారు.

‘ఏలియన్ 2’ కి ఓపిక కావాలి. గుహలను పరిశోధించే స్నేహితుల బృందం, ఆకాశం నుంచి రాలిన వింత రాళ్లు, మొదటి సగమంతా నిదానం. కాని పుల్యా ప్రాంతంలోని కాస్టెల్లానా గుహల్లోకి దిగాక ఏ సెట్టింగూ ఇవ్వలేని లోతు తెరమీదికి వస్తుంది. పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడలు, తడి గోడలు, టార్చిలైటు అందుకోలేని చీకటి. పైసా ఖర్చులేకుండా ప్రకృతి కట్టిన అంతరిక్ష నౌక అది. చివర్లో మనుషులు మాయమైన నగరమూ, ఒక ఖాళీ బౌలింగ్ ఆటస్థలమూ కూడా గుర్తుండిపోతాయి. ముందు ‘కంటామినేషన్’ చూడండి. అది నచ్చి, నిదానం భరించగలమనుకుంటే రెండోది చూడండి. నచ్చకపోతే అక్కడితో ఆపేయండి, నష్టమేమీ లేదు.

శిథిల నగరాల వరస నాకు అన్నిటికంటే ఇష్టం. ఎంపిక కష్టమైనదీ ఇక్కడే. జాన్ కార్పెంటర్ ‘ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్’ 1981లో వచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియా నుంచి ‘మ్యాడ్ మ్యాక్స్ 2’. ఇటలీ వాళ్లకు ఇంతకంటే మంచి పొర ఏముంటుంది? అంతరిక్షం కట్టడానికి డబ్బు కావాలి. శిథిలాలు కట్టడానికి పాత కారు, ఒక రాతి క్వారీ, నాలుగు తోలు కోట్లు చాలు. కౌబాయ్ చిత్రాల్లో పండిన స్టంటు బృందాలకూ చేతినిండా పని.

కాస్టెలారి ‘1990: ది బ్రాంక్స్ వారియర్స్’ (1982) కోసం నిజంగానే న్యూయార్క్ వెళ్లి బ్రాంక్స్ వీధుల్లో కెమెరా పెట్టాడు. స్టూడియో భాగాలు రోమ్‌లో తీశాడు. ఆ రోజుల్లో బ్రాంక్స్‌లో కాలిపోయిన అపార్టుమెంట్లు, కిటికీలు లేని గోడలు, ఇటుక గుట్టలు వీధులకు వీధులే ఉండేవి. కళా దర్శకుడి పని సగం ఆ నగరం విషాదమే చేసిపెట్టింది. ఈ సినిమా చూస్తున్నప్పుడు నాకు కథ మీద కంటే వెనకున్న ఆ గోడల మీదే దృష్టి నిలుస్తుంది. అవి ఎవరివో ఇళ్లు. హాలీవుడ్ తన కల్పిత న్యూయార్క్‌ను ఎక్కువ భాగం వేరే నగరంలో తీసుకుంది. ఇటలీ వాళ్లు అసలు చోటికే వెళ్లారు. నకలు కంటే మూలమే కల్పనగా మిగిలిన సందర్భం ఇది.

ఇందులో ముఠాలు కొన్ని ఉన్నాయి. చక్రాల బూట్లు తొడిగి హాకీ కర్రలు పట్టినవాళ్లు ఒకరు, టోపీలు పెట్టుకుని నాట్యకారుల్లా అడుగులు వేసేవాళ్లు ఇంకొకరు. ఒక సన్నివేశం చెప్పి తీరాలి. రెండు ముఠాల నాయకులు నది ఒడ్డున సంధి మాటలకు కలుస్తారు. వరుసకట్టిన మోటార్ సైకిళ్లు, వెనక వంతెన. పక్కనే ఒకడు డ్రమ్స్ సెట్టు పెట్టుకుని వాయిస్తుంటాడు. అతనెవరో, ఎందుకు వాయిస్తున్నాడో ఎవరూ చెప్పరు, పాత్రలేవీ అతన్ని పట్టించుకోవు. కాని ఆ లయమీదే మొత్తం దృశ్యం నడుస్తుంది. నేపథ్య సంగీతాన్ని తెచ్చి దృశ్యంలో కూర్చోబెట్టినట్టుంది. ఏ హాలీవుడ్ స్క్రిప్టులోనైనా ఆ డ్రమ్మర్‌కు కారణం అడిగేవారు, కారణం లేదని కొట్టేసేవారు.

దీనికి పోటీ సెర్జో మార్టినో ‘2019: ఆఫ్టర్ ది ఫాల్ ఆఫ్ న్యూయార్క్’ (1983). ఇక్కడ నగరం మినియేచర్. అణుయుద్ధం జరిగి ఇరవై ఏళ్లు. పదిహేనేళ్లుగా ఎక్కడా బిడ్డ పుట్టలేదు. శత్రువుల ఆధీనంలో ఉన్న న్యూయార్క్‌లో గర్భం ధరించగల ఒకే ఒక స్త్రీ ఉందని తెలిసి, ఆమెను తీసుకురమ్మని ఒక ఒంటరి వీరుణ్ణి పంపుతారు. ‘ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్’లో అధ్యక్షుణ్ణి వెతికినట్టే ఇక్కడ తల్లిని వెతుకుతారు. ఆ ఒక్క మార్పుతో కథ బరువే మారిపోయింది. వీరుడి పేరు పార్సిఫల్. పవిత్ర పానపాత్రను వెతికే ఐరోపా పురాణ యోధుడి పేరు అది. చవక అనుకరణగా మొదలైంది కాస్తా అన్వేషణ కథ అయింది. బిడ్డలు పుట్టని లోకం, ఒక్క తల్లి అన్న ఇతివృత్తంతో 2006లో ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ వచ్చినప్పుడు మార్టినో సినిమాను గుర్తుచేసుకున్నవాళ్లు నాలా ఇంకా ఉండే ఉంటారు.

పోలిక తేల్చమంటే: సాయంత్రం హుషారుగా గడవాలి, నలుగురితో కలిసి చూస్తున్నాం అంటే ‘బ్రాంక్స్ వారియర్స్’. ఒంటరిగా, రాత్రిపూట, ఒక కథలో మునగాలంటే ‘2019’. సినిమాగా రెండోదే గట్టిది, చివరి భాగంలో రేకులు బిగించిన కారు మందుపాతరలున్న సొరంగంలో దూసుకెళ్లే ఘట్టంలో మార్టినో పనితనం తెలుస్తుంది. నా మనసుకు దగ్గరిది మాత్రం ఆ డ్రమ్మర్ ఉన్న సినిమానే. ఈ రెండూ నచ్చాక కాస్టెలారిదే ‘ది న్యూ బార్బేరియన్స్’, జో డమాటో ‘ఎండ్‌గేమ్’ మీకు వాటంతటవే ఎదురవుతాయి. రెంటిలో హింస ఉంది, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోకండి.

‘టెర్మినేటర్’ వరసలో ఎంపిక తేలిక. ‘హ్యాండ్స్ ఆఫ్ స్టీల్’ (1986) ఒక్కటీ చూడండి, చాలు. ఇదీ మార్టినోదే. ఒంట్లో అధిక భాగం యంత్రంగా మార్చిన మనిషి, ఒక పర్యావరణ నాయకుణ్ణి చంపడానికి వెళ్లి, ఆఖరి క్షణంలో చెయ్యి ఆపి, అరిజోనా ఎడారిలోకి పారిపోతాడు. హాలీవుడ్ యంత్రం తొలి చిత్రంలో చివరిదాకా వెంటాడింది. ఈ యంత్రం వచ్చీరాగానే చంపడం మానేసి, రోడ్డు పక్క హోటల్లో కట్టెలు కొట్టిపెట్టి పొట్టపోసుకోవాలనుకుంటుంది. లారీ డ్రైవర్లతో చెయ్యి వంచే పందేలు కాస్తుంది. ఆకాశం నుంచి ఆమ్లవర్షం కురుస్తుంటుంది. క్లాడియో సిమొనెట్టి సింథసైజర్ సంగీతం ఆ ఎడారి ఒంటరితనానికి సరిగ్గా సరిపోయింది. ఈ సినిమాకు ఒక దుఃఖం కూడా ఉంది. 1985 జులైలో నవాహో బ్రిడ్జి దగ్గర చిత్రీకరణలో హెలికాప్టర్ కూలి నటుడు క్లాడియో కస్సినెల్లి చనిపోయాడు. ఆ దృశ్యాలు వచ్చినప్పుడు నేను తేలిగ్గా చూడలేను.

ఇదే వరసలో బ్రూనో మట్టెయ్ ‘షాకింగ్ డార్క్’ కూడా చాలామంది చెబుతారు. జేమ్స్ కామెరాన్ రెండో ‘టెర్మినేటర్’ 1991లో రాకముందే ఇటలీలో దీన్ని ‘టెర్మినేటర్ 2’ అని విడుదల చేశారు. లోపల కథ మాత్రం ‘ఏలియన్’ రెండో భాగమైన ‘ఏలియన్స్’ది, సంభాషణలతో సహా. జరిగేది విషపూరితమైన వెనిస్ నగరం అడుగున. వెనిస్‌ను కొద్దిగానైనా చూపించిన చోట్ల ప్రాణం లేచి వస్తుంది, కాని అవి తక్కువ. ఫిలిప్పీన్స్ అడవుల్లో ‘ప్రెడేటర్’ను తిరగరాసిన ఆయన ‘రోబోవార్’ (1988) కూడా అంతే. ఈ రెండింటిలో నకలు దాదాపు ఎక్కడా ఆగదు. కాబట్టి నా కొలబద్ద ప్రకారం చివరి వరసలోనే ఉంటాయి.

భాష విషయంలో చాలామంది పొరబడతారు. ఇటలీ సినిమా కదా, ఇటాలియన్‌లో చూడటమే సరైనదని అనుకుంటారు. ఆ రోజుల్లో వీటికి చిత్రీకరణ సమయంలో శబ్దం తీసుకునేవారే కాదు. నటులు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు మాట్లాడేవారు, తర్వాత అన్ని భాషలకూ డబ్బింగ్ జరిగేది. ‘స్టార్‌క్రాష్’ ఇంగ్లీషు ప్రతిలో మన్రోకు సైతం వేరే నటి, కాండీ క్లార్క్, గొంతు అరువిచ్చింది. కాబట్టి అసలు ప్రతి అంటూ ఒకటి లేదు, ఏదైనా డబ్బింగే. డబ్బింగ్ సినిమాలతోనే హాలీవుడ్‌ను పరిచయం చేసుకున్న మనకు ఇది ఇబ్బంది కాకూడదు. నా అలవాటు: ‘స్టార్‌క్రాష్’ ఇంగ్లీషులోనే, ఎందుకంటే అందులో పోలీసు రోబో ఎల్ అమెరికా దక్షిణాది యాసలో మాట్లాడే తీరు ఇంకో భాషలో పోతుంది. ‘2019’కు ఇటాలియన్ శబ్దం, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు.

ప్రతి నాణ్యత మాత్రం రాజీ పడకూడని విషయం. వీడియో క్యాసెట్ల కాలంలో వీటిని ఇరుపక్కలా కోసేసి, రంగులు వెలిసిపోయిన ముద్రణల నుంచి ఎక్కించారు. ‘స్టార్‌క్రాష్’ ఎర్ర నక్షత్రాలు అలాంటి ప్రతిలో గోధుమరంగు మరకల్లా కనిపిస్తాయి. ఈ సినిమాల చెడ్డపేరుకు సగం కారణం ఆ ప్రతులే అని నా నమ్మకం. యారో వీడియో సంస్థ ‘కంటామినేషన్’నూ, బ్లూ అండర్‌గ్రౌండ్ సంస్థ ‘బ్రాంక్స్ వారియర్స్’నూ పునరుద్ధరించి డిస్కులుగా తెచ్చాయి. పూర్తి వెడల్పు తెర, శుభ్రమైన రంగు ఉన్న ప్రతి దొరికేదాకా ఆగడం మేలు.

ఇవన్నీ అయ్యాక ఒకటి మిగులుతుంది, దాన్ని కావాలనే చివరికి పెట్టాను. మారియో బావా 1965లో తీసిన ‘ప్లానెట్ ఆఫ్ ది వాంపైర్స్’. ఇది దేనికీ అనుకరణ కాదు. తెలియని గ్రహం నుంచి వచ్చిన పిలుపు విని దిగిన నౌక, పొగమంచు, చచ్చి లేచే సహచరులు. తన చేతికి దొరికింది చినెచిత్తా స్టూడియోలో ఏదో పురాణ చిత్రం వదిలేసిన రెండు ప్లాస్టిక్ రాళ్లే అని బావా చెప్పుకున్నాడు. అద్దాలు నిలబెట్టి ఆ రాళ్లను గుట్టలుగా చూపించాడు, మధ్యలో ఖాళీ కనబడకుండా రంగు పొగ నింపాడు. నాలుగు దేశాల నటులు నాలుగు భాషల్లో మాట్లాడారు. మధ్యలో వ్యోమగాములు పాడుబడ్డ మరో నౌకలోకి దిగుతారు. అక్కడ మనిషికి ఎన్నో రెట్లున్న ప్రాణి అస్థిపంజరం, కూర్చున్న చోటే ఎండిపోయి ఉంటుంది. వాళ్లు దాని ముందు చీమల్లా నిలబడి చూస్తారు.

ఆ దృశ్యం చూసిన వెంటనే 1979 నాటి ‘ఏలియన్’ పెట్టుకుని, ముగ్గురు వ్యోమగాములు పాడుబడ్డ నౌకలోకి దిగి, కుర్చీలో శిలలా మారిన రాక్షస పైలట్ ముందు ఆగే చోటిదాకా చూడండి.